తీయని తిత్తి

"మీ ఆవిడకు గాల్ బ్లాడర్ లేదండీ," అన్నాడు గాజుపలక వెనక నుంచి బీమా ఆఫీసు కౌంటరాయన.

నా భార్య నా పక్కనే కుడి పక్కటెముకల కింద అరచెయ్యి అదిమిపెట్టుకుని నిలబడి ఉంది. అంటే అక్కడ లేనిది నొప్పి పెడుతోందన్నమాట.

"లేకపోవడమేమిటండీ? మొన్ననేగా స్కాన్ తీశారు! తిత్తీ ఉంది, తిత్తిలో మూడు రాళ్ళూ ఉన్నాయి. ఇదిగో బొమ్మ," అని కవరు గాజుపలకకు ఆనించాను.

"బొమ్మలో ఉంటే ఉండొచ్చు. రికార్డులో లేదు. పోయినేడాది ఆపరేషన్ చేసి తీసేశారు. ఆస్పత్రివాళ్ళు క్లెయిము పెట్టారు, మేం మంజూరు చేశాం. మనిషికి గాల్ బ్లాడర్ ఒక్కటే కదండీ, ఒక్కసారే తీస్తారు. రెండోసారంటే కార్డు ఒప్పుకోదు."

"తీయనిదాన్ని తీశామని ఎలా రాస్తారు?"

"రాసింది మేం కాదండీ."

"రాళ్ళేమో ఈవిడ కడుపులో, రాతలేమో మీ కంప్యూటర్లో! రాయి తియ్యమంటే రాసి పడేస్తారా?"

వెనక లైన్లో ఎవరో ఫక్కున నవ్వారు. కౌంటరాయన నవ్వలేదు. నా భార్య నా మోచెయ్యి గిల్లి తనే ముందుకు వంగింది.

"బాబూ, ఆపరేషన్ చేస్తే మచ్చ ఉండాలి కదా. నాకు మచ్చ లేదు. లేని మచ్చ చూపించమంటే ఎక్కడ చూపించాలో చెప్పు."

"అమ్మా, కడుపులు చూసేది డాక్టర్లు. నేను చూసేది స్క్రీను." ఆయన స్క్రీను మావైపు తిప్పాడు. నా భార్య పేరు, కార్డు నంబరు, పోయినేడాది తేదీ. కింద ఒక ముక్క: పిత్తాశయం తొలగించడమైనది. రోగి తరఫువారు సంతృప్తి వ్యక్తం చేసినారు.

రోగి తరఫువాణ్ణి నేనే. సంతృప్తి ఎప్పుడు వ్యక్తం చేశానా అని గుర్తు చేసుకునే ప్రయత్నంలో పడ్డాను.

నేను సైన్ బోర్డులు రాస్తాను. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం దుకాణాల నెత్తిన ఉన్నవి నా అక్షరాలే. ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక దుకాణాల నెత్తిన ఉండాల్సిన చెయ్యి నా నెత్తికి వచ్చింది, అది వేరే సంగతి. నా భార్య స్కూలు వ్యాను నడుపుతుంది. నేను మాటలు నడుపుతాను, ఆమె బండి నడుపుతుంది, ఆమె నడిపితేనే ఇల్లు నడుస్తుంది.

రెండు వారాల కిందట పదకొండుమంది పిల్లలతో వెళుతుండగా ఆమెకు నొప్పి పొడుచుకొచ్చింది. బండి పక్కకు తీసి, నాలుగు లైట్లూ వేసి, "ఎక్కాలు చెప్పండర్రా" అందట. పిల్లలు పదిహేడో ఎక్కం దాకా వచ్చేసరికి స్టీరింగు మీద నుంచి తల ఎత్తగలిగింది. అందరినీ బడిలో దింపి, తిన్నగా తనే ప్రిన్సిపాలు దగ్గరికెళ్ళి జరిగింది చెప్పింది. ప్రిన్సిపాలు చాలా మెచ్చుకుని, డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా తాళంచెవి ఇవ్వనన్నాడు. డాక్టరేమో తిత్తి తీసేదాకా సర్టిఫికెట్ ఇవ్వనంది. ప్రస్తుతానికి వ్యాను మీద వేరే డ్రైవరు ఉన్నాడు. సెలవులు వచ్చేలోగా ఆమె రాకపోతే అతనే ఖాయం.

అందుకే బీమా ఆఫీసుకు వెళ్ళాం. వెళితే తిత్తే లేదన్నారు.

మెట్లు దిగుతుండగా నాకు గుర్తొచ్చింది. దిగడం ఆపేశాను.

"ఏమైందండీ?" అంది నా భార్య.

"ఏం లేదు," అన్నాను. నిజానికి చాలా ఉంది.

పోయినేడాది కడుపునొప్పని ఆమెను రెండు రోజులు ఒక ఆస్పత్రిలో ఉంచాం. ఆ ఆస్పత్రి బోర్డు రాసింది నేనే. పైగా మా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, అక్కడే టైపిస్టు. వాడి వేళ్ళ వేగం చూసి ఊరంతా టకటక అని పిలుస్తుంది. సెలైను పెట్టారు, మాత్రలిచ్చారు, గ్యాసన్నారు, ఇంటికి పొమ్మన్నారు. పొమ్మన్న పది నిమిషాల్లో కాగితాలన్నీ చేతికొచ్చేశాయి. ఎందుకంటే ఆ ఆస్పత్రిలో ఓ పద్ధతుంది. రోగి చేరిన రోజే డిశ్చార్జి కాగితం కూడా టైపు చేసి పెట్టేస్తారు. మంచం ఎక్కకముందే దిగినట్టు రాసుంటుంది. దిగేటప్పుడు తేదీ, మందులు దిద్దితే చాలు. ఈ పద్ధతి కనిపెట్టింది టకటకే. మిగతా ఆస్పత్రుల్లో డిశ్చార్జికి సగం రోజు పడుతుంటే ఇక్కడ పది నిమిషాలు. "ఇచ్చట ఆలస్యం ఉండదు" అని బోర్డు మీద అదనంగా ఒక లైను నాచేతే రాయించారు. పచ్చ రంగు, ఎర్ర నీడ. అద్భుతంగా కుదిరింది.

బయటికొస్తుంటే నర్సు ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమంది. ప్రింటు సరిగా పడక పైన హెడ్డింగు వెలిసిపోయి ఉంది. ఆ వెలిసిన మాటల్లో మొదటిది శస్త్రచికిత్స.

బోర్డు రాసేవాణ్ణి అడగండి, ఆ మాట ఏమిటో చెబుతాడు. స కింద త, దాని పక్కన ర, చివర త కింద మళ్ళీ స. వంపుల మీద వంపులు, వత్తుల మీద వత్తులు. కిరాణా, కటింగు, సైకిలు అని రాసుకుంటూ బతికే మాకు అలాంటి మాట ఏడాదికోసారి తగిలితే గొప్ప. జేబులోని బ్రష్ పెన్ను తీసి, గోడకు ఫారం ఆనించి, అక్షరం అక్షరం నల్లగా, నిండుగా దిద్దాను. నర్సు కూడా "ఎంత బాగుందండీ" అంది. ఆ ఊపులో కింద సంతకం కూడా అంతే అందంగా పెట్టాను.

దిద్దాను గానీ చదవలేదు.

*

ఆ సాయంత్రం టకటక మా ఇంటికొచ్చాడు. కుర్చీ ఉండగా బల్ల అంచున కూర్చున్నాడు.

"బావా, ఒక మాట చెబుతాను. అరవకూడదు."

"నేనెప్పుడు అరిచానురా!" అని అరిచాను.

"బీమా ఆఫీసుకు వెళ్ళారట కదా. నాకు ఫోనొచ్చింది." వాడు అక్కవైపు చూడకుండా చెప్పుకుపోయాడు. "ఎనిమిది నెలల కిందట చూశాను. నేను 'పరిశీలన, మందులు' అని టైపు చేసిన కాగితాలు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి 'ఆపరేషన్' అయి బయటికొస్తున్నాయి. లెక్క తీస్తే రెండొందల పద్నాలుగు మంది. ఒక్కరికీ కత్తి తగల్లేదు."

"అంటే కోత కోయకుండానే కోతలు కోశారన్నమాట!"

"బావా!"

"సరే, చెప్పు."

"తప్పుడు క్లెయిముల విభాగంలో ఫిర్యాదు చేశాను. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదును కోర్టు సీలు వేసి ఉంచుతుంది. వాళ్ళు కాగితాలు పట్టుకునేదాకా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదు. సీలు ఉండగా చెప్పే వీలు లేదు. పోయిన వారమే సీలు విప్పారు."

సీలు, వీలు. నాకు తట్టాల్సిన ప్రాస వాడికి తట్టింది. మామూలు రోజైతే అది మనసులో పెట్టుకుని వారం బాధపడేవాణ్ణి.

"జాబితాలో మొదటి పేరు ఎవరిదిరా?" అంది నా భార్య నెమ్మదిగా.

వాడు నేల చూశాడు. "నీదే అక్కా."

"తోడబుట్టినదాన్ని అని ముందు పెట్టావా?"

"మిగతావాళ్ళ కడుపులో ఏముందో నాకేం తెలుసు? నీ మంచం పక్కన రెండు రోజులూ నేనే ఉన్నాను. పైగా నీది కాబట్టి నేను టైపు చేసిన అసలు కాగితం ఒక ప్రతి ఇంటికి తెచ్చుకున్నాను. మిగతావాటికి అసళ్ళు లేవు." వాడు బల్ల దిగి కుర్చీలోకి మారాడు. "ఇప్పుడు ఆస్పత్రివాళ్ళు ఏమంటున్నారంటే, మాకేమీ తెలియదు, అంతా టైపిస్టు చేశాడు అంటున్నారు. పోయిన నెల పెద్ద కోర్టు ఒక తీర్పిచ్చింది. క్లెయిము తప్పయితే చాలదట, పెట్టినవాడికి అది తప్పని ఆ రోజు తెలిసి ఉండాలట. తెలిసినవాడు ఎవడు? నేను. ఫిర్యాదు చేసిందీ నేనే. దాంతో ముద్దాయిల్లో నా పేరు కూడా కలిపారు."

"దొంగను పట్టించినవాణ్ణే దొంగన్నారా?"

"నా కాగితం నిజమని తేలితే బయటపడతాను. అక్క కడుపులో తిత్తి ఉన్నంతకాలం నా కాగితం నిజం."

నా భార్య, "నొప్పి నాకు, సాక్ష్యం నీకు. పంచుకోవడం మన ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉన్నదేలే," అని లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ఫారం సంగతి వాడికి చెవిలో చెప్పాను. ఈసారి వాడు అరిచాడు.

*

తప్పుడు క్లెయిముల విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యదు. నా భార్య రెండో అంతస్తులో ఒకసారి, మూడో దాంట్లో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. గదిలో బీరువాల మీద, కుర్చీల మీద, కిటికీ గూట్లో కూడా ఫైళ్ళే. మాకు కేటాయించిన అధికారిణి కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, మేం ఎవరమో తెలియగానే లేచి నిలబడింది.

"మీరేనా? తీయించేసుకోలేదు కదా?"

"లేదండీ," అంది నా భార్య.

"హమ్మయ్య! ఎవరన్నా తీస్తామన్నా ఒప్పుకోకండి. మీది ఒకటో నంబరు సాక్ష్యం. కోర్టు మెడికల్ బోర్డు వేస్తుంది. ఇద్దరు లాయర్ల ఎదుట స్కాన్ తీసి, తిత్తి ఉందని బోర్డు రాసివ్వాలి. ఏడు వారాలు పట్టొచ్చు."

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది. నేను గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బోర్డులు రాస్తున్నాను. ఏ బోర్డుకూ ఏడు వారాలు పట్టలేదు. ఒక పని చెయ్యండి. ఈవిడకు ఆపరేషన్ జరగలేదని బీమా ఆఫీసుకు ఒక్క ఉత్తరం ముక్క రాయండి."

"రాయలేనండీ. జరిగిందా లేదా అన్నదే కదా కోర్టు తేల్చాల్సింది! ముందే నేను జరగలేదని రాస్తే, తీర్పు నేనిచ్చినట్టవుతుంది. పైగా ఈమధ్య చట్టం మార్చారు. వివాదంలో ఉన్న రికార్డును తీర్పు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆస్పత్రులు రాత్రికి రాత్రి దిద్దేస్తున్నాయని తెచ్చారు. మంచి చట్టమండీ."

"మంచిదే. అయితే బీమావాళ్ళు లేదు కాబట్టి తియ్యమంటారు. మీరు ఉంది కాబట్టి తియ్యొద్దంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో ఈవిడకు నొప్పి. దవా కోసం బయల్దేరితే దావాలో పడ్డాం!"

అధికారిణి నిజంగానే బాధపడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వేయించినవి తినకుండా చూసుకోండమ్మా," అంది.

కిందికి దిగాక నా భార్యతో అన్నాను, "ఉన్నదేదో కుదువబెట్టి బయట తీయించేద్దాం. వాళ్ళ సాక్ష్యం వాళ్ళే వెతుక్కుంటారు."

"వాడు జైలుకు పోతాడండీ."

"పోడు."

"మీరు లాయరా?"

నేను లాయరును కానని మా ఇద్దరికీ తెలుసు.

*

మూడు వారాల తరవాత మొదటి వాయిదా. బోర్డు వెయ్యాలా వద్దా అన్న వాదన. ఆస్పత్రి లాయరు చాలా సౌమ్యంగా ఉన్నాడు. నన్ను పిలిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక ఫారం చేతికిచ్చాడు. నల్లగా, నిండుగా నా అక్షరాలు. నిజం చెప్పొద్దూ, ఏడాదైనా మెరుస్తున్నాయి.

"ఈ హెడ్డింగు దిద్దింది ఎవరండీ?"

"నేనేనండీ."

"చాలా బాగుంది. ఒకసారి చదివి వినిపిస్తారా?"

"శస్త్రచికిత్స అనంతర సంతృప్తి పత్రం." నా గొంతు నాకే వినపడలేదు.

"కొంచెం గట్టిగా."

జీవితంలో నన్ను గట్టిగా మాట్లాడమన్నవాడు అతనొక్కడే. మళ్ళీ చదివాను.

"అక్షరం అక్షరం మీ చేత్తో దిద్ది, కింద సంతకం పెట్టి, ఇప్పుడు ఆపరేషనే జరగలేదంటున్నారు. చదవకుండా దిద్దారా?"

"అవునండీ. చదవకుండానే దిద్దాను."

హాలంతా నవ్వు. జడ్జిగారు తలెత్తారు. "మీరేం పని చేస్తారు?"

"అక్షరాలు రాస్తానండీ."

"మరి చదవరా?"

"చదవడం దారిన పోయేవాళ్ళ పనండీ. మేం చదివితే రాత చెడుతుంది. మేం చూసేది వంపు, గీత, వత్తు, మాటకూ మాటకూ మధ్య జాగా. మందుల షాపు బోర్డు రాసినవాణ్ణి ఏ జబ్బుకు ఏ మందని అడగరు కదండీ. ఆ మాట అందంగా ఉంది, అంతే. అర్థం చూసుకోలేదు."

నవ్వు ఇంకా పెరిగింది. జడ్జిగారు నవ్వకుండా ఏదో రాసుకున్నారు. ఆస్పత్రి లాయరు నాకు నమస్కారం పెట్టి మరీ కూర్చున్నాడు. మెడికల్ బోర్డు వెయ్యమని ఉత్తర్వయితే వచ్చింది, నాలుగు వారాలకు సోమవారం. కానీ టకటకకేసి చూస్తే వాడి వేళ్ళు ఒళ్ళో ఉత్తినే టైపు చేస్తున్నాయి. ఏం టైపు చేస్తున్నాడో, ఎవరికో.

బయట నా భార్య గోడకు ఆనుకుని నిలబడింది.

"మీ రాత చూసేనండీ మిమ్మల్ని చేసుకుంటానన్నది," అంది. "ఇన్నేళ్ళు మురిసిపోయాను. ఒక్కటంటే ఒక్కటి చదివి ఉంటే..."

నేను ఆటో పిలవడానికి వెళ్ళాను.

ఆ నాలుగు వారాలూ మా ఇంట్లో గడియారం నడిచింది గానీ కాలం నడవలేదు. పొద్దున ఏడున్నరకు వ్యాను మా వీధిలోంచే వెళ్ళేది. కొత్త డ్రైవరు మలుపులో గేరు మార్చేటప్పుడు బండి కుయ్యోమనేది. నా భార్య కిటికీ దగ్గర పళ్ళు కొరుక్కుంటూ, "రెండు, రెండులో వెయ్యాలి" అనేది. పిల్లలు చేతులు ఊపేవారు. ఆమె ఒక చేత్తో ఊపేది, రెండో చెయ్యి పక్కటెముకల కిందనే ఉండేది. నొప్పొచ్చినప్పుడల్లా పళ్ళబిగువున ఎక్కం చెప్పుకునేది. మొదట్లో ఏడో ఎక్కంతో తగ్గేది. రాను రాను పంతొమ్మిది దాటేది.

టకటక రోజూ వచ్చేవాడు. అక్కకు కూరలు తరిగి ఉడకబెట్టి వెళ్ళిపోయేవాడు. ఆస్పత్రి వాణ్ణి ఎప్పుడో మాన్పించేసింది. ఉద్యోగం మాన్పించే కాగితం మాత్రం ఆలస్యం లేకుండా ఇచ్చారట.

*

సోమవారం బోర్డు. ముందు గురువారం పొద్దున పదింటికి ఆమె తడిబట్టలు ఆరేస్తూ తీగ పట్టుకుని వంగిపోయింది. నేను పరుగెత్తేసరికి ఒళ్ళు కాలిపోతోంది. వాంతి చేసుకుంది. ఎక్కం మొదలుపెట్టి, మూడో మెట్టు దగ్గరే తప్పు చెప్పింది. ఆమె ఎక్కం తప్పు చెప్పడం నేను ఏనాడూ వినలేదు. నాకు భయం వేసింది.

"ఆస్పత్రికి పోదాం, లే."

"సోమవారం దాకా... నాలుగు రోజులేగా."

"బోర్డూ లేదు, గీర్డూ లేదు. లే!"

"వాడి సంగతో?"

కూరల సంచీతో గుమ్మంలోనే ఉన్నాడు టకటక. సంచీ అక్కడే వదిలేసి వచ్చి ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు.

"అక్కా, పద."

"నీ కాగితం నిజమని తేలొద్దట్రా?"

"తేలకపోతే పోనీ. ఆ కాగితం నేనే చించేస్తాను, పదవే." వాడు ఆమెను చిన్నప్పట్లా "వే" అని పిలవడం నేను వినడం అదే మొదలు. ఆమె చేతులు చాచింది. చెరో చెయ్యి పట్టుకుని లేపాం.

ప్రభుత్వ ఆస్పత్రి అత్యవసర విభాగంలో ముందు మనిషిని చూశారు, కార్డు తరవాత చూస్తామన్నారు. స్కాన్ తీశారు, గంటలో లోపలికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి సర్జను బయటికొచ్చింది. పొట్టిగా, బాగా అలసిపోయి ఉంది. చేతిలో గాజుసీసా. సీసాలో మందునీళ్ళలో ఒక నల్లటి తిత్తి, అడుగున మూడు రాళ్ళు.

"చీము పట్టిందండీ. ఇంకొక్క రోజు ఆగితే లోపలే పగిలేది. రాళ్ళున్నాయని తెలిసి రెండు నెలలు ఎందుకు మోశారు?"

ఎందుకో చెప్పాను. మొదటిసారి ఏ చమత్కారమూ లేకుండా, వరసగా, తేదీలతో చెప్పాను. వింటున్నకొద్దీ ఆమె కనుబొమలు పైకి వెళ్ళాయి.

"ఇందుకా? మీరు ఏ రోజు తీయించుకున్నా తీసే ముందు స్కాన్ తీస్తాం, తీసినది నోట్‌లో రాస్తాం, ల్యాబుకు పంపుతాం. మూడింటి మీదా తేదీ, టైము, సంతకం ఉంటాయి. పోయినేడాది తీసేసిన తిత్తిని నేను ఈ రోజు మళ్ళీ తియ్యలేను కదా! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి మీ కోర్టుకు?"

"ఆ సంగతి మాకెవరూ..."

"మీరు ఒక్క డాక్టర్నైనా అడిగారా?"

లాయర్లను అడిగాం. అధికారిణిని అడిగాం. కౌంటరాయన్ని నాలుగుసార్లు అడిగాం. టకటక నా మొహంలోకి చూశాడు, నేను వాడి మొహంలోకి చూశాను. ఏడు వారాలు. పంతొమ్మిదో ఎక్కం దాటిన ఏడు వారాలు. గోడకు తల బాదుకోవాలనిపించింది గానీ గోడ మీద "నిశ్శబ్దము పాటించుడు" అని రాసి ఉంది. ఆ రోజు నుంచి ఏది కనపడినా చదువుతున్నాను.

అధికారిణికి ఫోను చేశాను. "అయ్యో, తీసేశారా?" అంది ముందు. ఆమె ఎలా ఉందని తరవాత అడిగింది. అడిగింది, అది చెప్పాలి. "రూలులో బోర్డు అనే ఉంది. సరే, ఆ మూడు కాగితాలూ పంపండి, పెట్టి చూస్తాను."

పెట్టి చూసింది. సోమవారం కోర్టు ఆ కాగితాలు తీసుకుంది. ఆస్పత్రి లాయరు సీసాలోది ఎవరిదో ఎలా తెలుసన్నాడు. ల్యాబువాళ్ళు తేలుస్తామన్నారు. జడ్జిగారు టకటక అసలు కాగితం అడిగి తీసుకుని చదివారు. నెమ్మదిగా, రెండుసార్లు చదివారు. ముద్దాయిల్లోంచి వాడి పేరు తీసెయ్యాలా అన్నది తరవాతి వాయిదాకు పెట్టారు. తీర్పు ఇంకా రాలేదు. రికార్డు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. అందులో ఇప్పటికీ నేను సంతృప్తిగానే ఉన్నాను.

*

నా భార్యకు సర్టిఫికెట్ వచ్చింది. సెలవులకు ఇంకా నాలుగు రోజులుండగా తాళంచెవి మళ్ళీ ఆమె చేతికొచ్చింది. మొదటి రోజే మలుపులో బండి కుయ్యోమనలేదు. వీధిలో అది గమనించింది నేనొక్కణ్ణే అనుకుంటాను.

సెలవులై బడి తెరిచిన వారానికి ఒక కవరు వచ్చింది. తప్పుడు క్లెయిముల విభాగం నుంచే. మేం చేసిన సహాయానికి కృతజ్ఞతలేమో అనుకుని విప్పాను.

నోటీసు. నా భార్య పేరు మీద. ఒకే వ్యక్తికి ఒకే అవయవాన్ని ఏడాది వ్యవధిలో రెండుసార్లు తొలగించినట్టు రెండు ఆస్పత్రుల నుంచి రెండు క్లెయిములు అందినాయి. రెండవ క్లెయిము విషయంలో మీరు సహకరించినట్టు అనుమానింపబడుచున్నారు. పదిహేను రోజులలో జవాబు.

వెంటనే అధికారిణికి ఫోను చేశాను.

"అది నేను పంపింది కాదండీ, మా కంప్యూటరు పంపింది. కొత్తగా పెట్టారు. ఒకేలాంటి క్లెయిములు రెండు కనిపిస్తే దానంతటదే నోటీసు కొట్టేస్తుంది. చాలా దొంగతనాలు పట్టుకుంది."

"మరి ఆపెయ్యండి!"

"అది వేరే సెక్షనండీ. రెండో అంతస్తు. ఫారంలో మొదటి క్లెయిము తప్పని టిక్కు పెట్టేయండి, సరిపోతుంది."

నోటీసు వెనక జతచేసిన ఫారం చూశాను. టిక్కు పెట్టే గడి ఉంది. గడి పక్కన సన్నటి అక్షరాల్లో: ఈ గడిని ఎంచుకొనువారు కోర్టు తీర్పు ప్రతిని జతపరచవలెను.

"ఎప్పుడొస్తుందండీ తీర్పు?" అని అడుగుదామనుకున్నాను. ఫోను పెట్టేసింది. లేదా నేనే పెట్టేశానేమో.

వంటింటి బల్ల దగ్గర టకటక ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ వేళ్ళు అప్పుడే పరుగెత్తుతున్నాయి. నేను ఇంకా ఒక్క మాట చెప్పలేదు.

"ఏం కొడుతున్నావురా?"

"జవాబు మొదలు ఎటూ ఒకటే కదా బావా. కొట్టి పెట్టుకుంటే..." అని ఆగిపోయాడు. నా భార్య తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వాకిట్లో నిలబడి వాణ్ణే చూస్తోంది. వాడు కొట్టిందంతా చెరిపేశాడు.

నోటీసు పై హెడ్డింగు వెలిసిపోయి ఉంది. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. బ్రష్ పెన్ను మూత సగం తీశానో లేదో ఆమె వచ్చి చేతి మీద ఒక్కటిచ్చింది.

"పెన్ను ఇటివ్వండి."

ఇచ్చాను. ఆమె దాన్ని తన ఖాకీ డ్రైవరు చొక్కా జేబులో పెట్టుకుంది.

"నాలుగు పేజీలున్నాయి. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవండి. పైకి, గట్టిగా. ఒరే, నువ్వు విను. ఆయన చదవడం అయ్యాక, నీకు అర్థమయ్యాక, అప్పుడు టైపు చెయ్యి. ముందే ఒక్క ముక్క కొట్టావంటే వేళ్ళు విరిచేస్తాను. నేను పిల్లల్ని దింపి వచ్చేసరికి అయిపోవాలి."

"నాలుగు పేజీలూనా? సన్నటి అక్షరాలు కూడానా?"

"సన్నవే ముందు."

బయట వ్యాను స్టార్టయింది. ఒకటో గేరు, రెండో గేరు, మలుపు. నేను కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ కిటికీ వెలుతురుకు జరుపుకుని, మొదటి పేజీ అందుకున్నాను. టకటక చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వినడానికి సిద్ధమయ్యాడు.

అక్షరాలు మాత్రం మహా వికారంగా ఉన్నాయి.